వినాయకుడెక్కిన యుద్ధనౌక

మొన్న వినాయక చవితి నాడు మా మనవరాలు వరండాలో పాత పేపరు పరిచి, దాని మీద ప్లాస్టిక్ యుద్ధనౌక ముక్కలన్నీ పోసుకుని కూర్చుంది. పుట్టినరోజుకి వాళ్ళ నాన్న కొనిచ్చాడు. ముక్కలతో పాటు బొటనవేలంత రంగు డబ్బాలు నాలుగు. అది ఒక డబ్బా మూత తీసిందో లేదో, వంటింట్లో ఉండ్రాళ్ళు ఆవిరి మీద పెడుతున్న నాకు టర్పెంటైన్ వాసన తగిలింది. చేతిలో గరిటెతోనే బయటికి వచ్చేశాను.

"అమ్మమ్మా, ఒక్క ఓడకి నాలుగు రంగులెందుకు?" అంది.

"శత్రువుని తికమక పెట్టడానికి."

"బూడిద రంగు ఒక్కటే వేస్తే నీళ్ళల్లో కనపడదు కదా!"

"ఎంత వేసినా కనపడుతుంది. కనపడినా ముందేదో వెనకేదో తెలీకూడదు. అందుకే చారలు అడ్డదిడ్డంగా వెయ్యాలి. ముక్కు దగ్గర తెల్లగా నురగ వేస్తారు చూడు, తోక దగ్గర కూడా అలాగే వెయ్యి. ఎటు పోతోందో చచ్చినా చెప్పలేరు."

మా అమ్మాయి కొబ్బరికాయ పీచు తీస్తున్నదల్లా ఆగి నన్ను వింతగా చూసింది. చూడదూ మరి! పుట్టి పెరిగింది రాయపూర్లో, సముద్రం మొహం ఎరిగింది రెండు మూడుసార్లు, యాభై దాటిన ఆడది యుద్ధనౌకల గురించి మాట్లాడితే ఎవరైనా అలాగే చూస్తారు. కానీ నాకు తెలుసు. పదకొండేళ్ళప్పుడు నేనొక యుద్ధనౌక కట్టాను. రంగులు వేశాను. పోగొట్టుకున్నాను. ఎలా పోయిందో మా ఇంట్లో అందరికీ ఒక కథ తెలుసు. ఆ కథ అబద్ధమని నాకు తెలుసు.

మేమప్పుడు స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న రైల్వేలో వడ్రంగి. రెండు గదులు, ముందు వరండా, వెనక కొళాయి, ఆ కొళాయి కింద సిమెంటు తొట్టి. వీధిలో అంతా హిందీ, ఛత్తీస్‌గఢీ. గడప దాటి లోపలికొస్తే మాత్రం శ్రీకాకుళమే. పక్కింటి ముసలామె ఎండాకాలం పొద్దున్నే బోరే బాసీ తింటూ మాకూ ఒక గిన్నెడు పంపేది. అమ్మ మూత తీసి చూసి, "ఓలమ్మ, మన చద్దన్నమే కదేటి! పేరు మార్చుకున్నాది, అంతే," అని ఉల్లిపాయ కొరుక్కుని తినేసేది.

ఆ వేసవిలో విశాఖపట్నం పాసింజరులోంచి మావయ్య దిగాడు. అమ్మకి ఆఖరి తమ్ముడు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. రేవులో ఓడలకి రంగులేసే కంట్రాక్టు పనిలో ఉండేవాడు, కంట్రాక్టు అయిపోయింది, వచ్చేశాడు. చేతిలో రేకు పెట్టె. అందులో రెండు చొక్కాలు, ఒక లుంగీ, తెల్లగుడ్డలో చుట్టిన ఆరు కుంచెలు. చొక్కాల కంటే కుంచెలే శుభ్రంగా ఉండేవి.

మావయ్య పొద్దున్నే నాన్న సైకిలు తీసుకుని ఉర్లా వెళ్ళి, అక్కడ ఫ్యాక్టరీల గేట్ల ముందు నిలబడి పని అడిగి, మధ్యాహ్నానికి మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. నాన్న, "కంగారేటోయ్, దొరుకుద్దిలే," అనేవాడు. అమ్మ మాత్రం తమ్ముడి కంచంలో అన్నం నొక్కి నొక్కి పెట్టేది. మళ్ళీ అడగడానికి వాడు సిగ్గుపడతాడని ఆవిడ భయం. నా కంచంలో మాత్రం ఎప్పుడూ అలా నొక్కిన పాపాన పోలేదు.

వానాకాలం మొదట్లో అమ్మ పట్టెమంచం విరిగింది. విరగ్గొట్టింది నేనే. మంచం మీద నుంచి గూట్లోని బెల్లం డబ్బా అందుకోబోయి దూకాను. ఒక కోడు ఊడి, పట్టె చీలిపోయింది. అమ్మ నన్ను నాలుగు అంటించి, ఇక పనికిరాదని పట్టెలు వంటచెరకులో వెయ్యమంది. మావయ్య అడ్డం వచ్చాడు. ఆ పట్టెని గోటితో గీకి, వాసన చూసి, "టేకు, అప్పా! దీన్ని పొయ్యిలో పెడతావేటి, పాపం తగుల్తాది," అన్నాడు అక్కతో. నా వైపు తిరిగి, "ఏటే గుంటా, ఓడ సేసుకుందావా?" అన్నాడు.

అలా మొదలైంది.

చీలిన చోట కోసేసి, పట్టెముక్కలు రెండు పక్కపక్కన పెట్టి సరేసు బంకతో అంటించాం. ఆ బంక ఉడుకుతుంటే వచ్చే కంపు భరించలేక అమ్మ నన్నూ మావయ్యనీ పొయ్యితో సహా పెరట్లోకి తోసేసింది. నాన్న రంపం, చిత్రిక తీసుకుని మావయ్య ఓడ ముక్కు చెక్కాడు. నా పని ఉప్పుకాగితంతో రుద్దడం. ఎంత రుద్దినా ఆయన చెంపకి ఆనించి చూసి, "ఇంకా గరుకే," అనేవాడు. నా వేళ్ళ చర్మం లేచిపోయేది. అయినా వదల్లేదు. నాన్న డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతూ మమ్మల్ని చూసి, "గుంటకి సేతి పని నా నుంచే వొచ్చినాది," అని మురిసిపోయేవాడు.

ఓడ పొడవు నా చెయ్యంత అయింది. దాని మీద పెట్టే సామాన్లన్నీ మా ఇంటివే. పొగ గొట్టం అయిపోయిన టార్చి సెల్లు. జెండా కర్ర గొడుగు చువ్వ. ఫిరంగులు అయిపోయిన పెన్ను రీఫిళ్ళు. లంగరు అమ్మ జడపిన్నుని వంచి చేసింది. పక్కల గుండ్రటి కిటికీలకి ప్రెస్ గుండీలు కావాలన్నాడు మావయ్య. నేను అమ్మ జాకెట్లవి మూడు జతలు పీకేశాను. ఆ ఆదివారం అమ్మ పండరీ బజారుకి గుడ్డ కొనడానికని తయారవుతూ, జాకెట్టుకి ఒక్క గుండీ కూడా లేకపోవడం చూసి వేసిన కేక నాలుగు క్వార్టర్ల అవతలికి వినపడింది. పిన్నీసులు పెట్టుకుని వెళ్ళింది. వచ్చేదాకా మావయ్యా నేనూ నవ్వుతూనే ఉన్నాం.

ముందు ఫిరంగి గూడు మేకు కొట్టి బిగించేశాం. వెనక గూడు మాత్రం ఒక పుల్ల మీద తిరిగేట్టు పెట్టాడు. పైకి లాగితే ఊడి వచ్చేది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

తొట్టిలో వేసి చూసిన రోజు నాకు బాగా జ్ఞాపకం. ఓడ ఒక పక్కకి ఒరిగిపోయింది. నాన్న అడుగున ఇనుప పట్టీ ముక్క ఒకటి బిగించాక నిటారుగా నిలబడింది. అమ్మ బియ్యం చేట చంకలో పెట్టుకుని వచ్చి చూసి, "సూడండి, నా మంచం ఈత కొడతన్నాది!" అంది. ఆవిడ అంతసేపు నవ్వడం ఆ తర్వాత నేను ఎక్కువ చూడలేదు.

అప్పటికి బడిలో ఓడ సంగతి చెప్పేశాను. దీపావళి సెలవులయ్యాక ఊళ్ళో బళ్ళన్నీ కలిసి ఒక పెద్ద హాల్లో ప్రదర్శన పెడతాయి, పిల్లలు చేసిన వస్తువులు పెడతారు. మా బడి ఆడపిల్లలం ఎప్పుడూ కుట్టిన రుమాళ్ళు, ఊలు కుక్కపిల్లలు తీసుకెళ్ళేవాళ్ళం. నేను ఓడ తెస్తానంటే మా టీచరు బహన్‌జీ కళ్ళద్దాలు కిందికి జార్చి, "లడ్కీ హోకర్ జహాజ్?" అంది. ఆడపిల్లవై ఉండి ఓడా అని. "హాఁ జీ," అన్నాను. "తెస్తే నీ పేరు చీటీ మీద నా చేత్తో నేనే రాసి పెడతాను," అంది. ఇక నాకు నిద్రపట్టలేదు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద నా ఓడ, పక్కన నా పేరు. వంద పైచిలుకు రుమాళ్ళ మధ్య నాదొక్కటే ఓడ.

రంగుల దగ్గరికి వచ్చేసరికి మావయ్య మనిషే మారిపోయాడు. అంతవరకూ వెధవ్వేషాలు వేసేవాడు కాస్తా నోరు మూసుకుని, డబ్బాలు ముందు పెట్టుకుని పూజకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. బూడిద రంగు, నలుపు, తెలుపు, ముదురు నీలం. నీలం మాకు కావలసినంత ముదురుగా రాలేదని నేను అమ్మ కాటుక కొంచెం దొంగిలించి కలిపాను. అది ఆరలేదు. తుడిచి మళ్ళీ వేశాం.

రేవులో ఆయనకి పని నేర్పిన ముసలి మేస్త్రి పాత పెద్ద యుద్ధం రోజుల్లో ఓడలకి చారలు వేసినవాడట. ఆయన చెప్పిందే మావయ్య నాకు చెప్పాడు. "దాసడమంటే కనపడకుండా సెయ్యడం కాదే గుంటా. ఇంత పెద్ద ఓడని ఎక్కడ దాస్తావు? ఎదురుగానే ఉండాల. సూసినోడు కూడా సూడాల. కానీ ఎటెల్తన్నాదో ఆడికి తెలకూడదు."

మైదా ముద్దతో కాగితం పట్టీలు అంటించి, అంచులు కత్తిరించినట్టు వచ్చేలా చారలు వేశాం. ఒక చార వేశాక నన్ను వరండా చివర కూర్చోబెట్టి, కళ్ళు సగం మూసుకోమని, ఓడని గుడ్డ కిందనుంచి తీసి చూపించేవాడు. "ఎటెల్తన్నాది? సెప్పు!" నేను సరిగ్గా చెప్పేస్తే రంగు సరిగ్గా లేనట్టే. చెరిపేసి మళ్ళీ. తప్పు చెప్పినప్పుడల్లా చేతులు కొట్టి నవ్వేవాడు. ఆఖరి రోజు అమ్మని పిలిచి చూపించాం. అమ్మ ఎడమ వైపన్నది. కాదు. నాన్న కుడి వైపన్నాడు. ఓడ వాళ్ళ మీదికే వస్తోంది! ఆ పూట మావయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని వీధి చివరిదాకా పరిగెత్తాడు.

ఆ సాయంత్రమే నేనొక పని చేశాను. అందరూ టీ తాగుతుండగా వెనక ఫిరంగి గూడు ఊడదీసి, దాని కింద ఓడ చెక్క మీద, తెల్లరంగుతో, సన్న కుంచెతో, తెలుగులో మా ఇద్దరి పేర్లు రాశాను. పైన మావయ్య పేరు, కింద నాది. ఆరాక గూడు పెట్టేశాను. ప్రదర్శన రోజు అందరి ముందూ ఎత్తి చూపించి ఆయన్ని ఆశ్చర్యపరచాలని నా ఆశ. అందుకే ఆయనకి కూడా చెప్పలేదు.

తరవాత చవితి వచ్చింది. చవితికి పిల్లల పుస్తకాలు, పెన్నులు వినాయకుడి ముందు పెట్టి, పూజయ్యాక తీసేసుకుంటాం కదా. నేను పుస్తకాలతో పాటు ఓడని కూడా పెట్టాను. పసుపు కుంకాలు అంటకుండా కింద అరటాకు వేశాను. రోజూ సాయంత్రం హారతి వెలుగులో చారలు కదిలేవి.

మూడోనాడు నిమజ్జనం. మావయ్య మట్టి వినాయకుణ్ణి సైకిలు బుట్టలో కూర్చోబెట్టి, "ఓడని కూడా అట్టుకెల్తానే. సామిని దానిమీద కూకోబెట్టి ఒక్క సుట్టు తిప్పి, అప్పుడు నీళ్ళల్లో ఇడుస్తాను. సామికి సరదా," అన్నాడు.

నాకు ఒళ్ళు పులకరించిపోయింది. వినాయకుడు నా ఓడ ఎక్కడమా! నేనూ వస్తానని గంతులేశాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఒళ్ళు వెచ్చగా ఉంది, వొద్దు," అంది. నా ఒళ్ళు చల్లగానే ఉంది. ఎంత గింజుకున్నా వదల్లేదు. చివరికి నేనే కొబ్బరి తాడు ఒకటి తెచ్చి ఓడ ముక్కుకి కట్టి, "తాడు వొదలకు మావయ్యా," అని ఆయన చేతికిచ్చాను.

చీకటి పడుతుండగా వచ్చాడు. బుట్ట ఖాళీ. ఓడ లేదు. చేతిలో తాడు మాత్రం ఉంది, తడిసి నీళ్ళు కారుతూ.

"ఏటి సెప్పమంటావే గుంటా," అని గడప మీద కూలబడ్డాడు. "సామి ఠీవిగా కూకున్నాడు. ఓడ రాజాలాగ నడిమజ్జకి ఎల్లిపోనాది. గట్టు మీద గుంటలంతా సప్పట్లు. అప్పుడు సామి ఎనక్కి తిరిగి సూసినట్టయింది నాకు. అంతే. తాడు ఊడి సేతిలోకి వొచ్చీసినాది. సామీ ఓడా ఇద్దరూ నెమ్మదిగా, నెమ్మదిగా ములిగిపోనారు."

నేను నేలమీద పడి ఏడ్చాను. నాన్న లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని, "ఓసి పిచ్చిదానా, సామి నీ ఓడ అడిగి తీసుకున్నాడే! ఎంతమందికి దొరుకుద్ది ఆ అదృష్టం!" అని జుట్టు నిమిరింది. చాలాసేపటికి నా ఏడుపు ఆగింది. మావయ్య, "ఆకలేస్తన్నాదప్పా," అన్నాడు. అమ్మ చేతులు ఖాళీ లేక నన్ను వడ్డించమంది. కళ్ళు తుడుచుకుంటూ నేనే పులిహోర పెట్టాను. మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాడు.

ఆ సోమవారమే మావయ్యకి ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. పెయింటింగు సెక్షను. మేనేజరుగారే పిలిచి ఇచ్చారట. అమ్మ మొహం చూడాలి! "సూసినావా, సామి ఓడ పుచ్చుకుని ఉద్దోగం ఇచ్చినాడు," అంది నాతో. నాకూ గర్వంగానే ఉండింది. బడిలో ఒక్కళ్ళని వదలకుండా అందరికీ చెప్పాను, గణేశ్‌జీ నా జహాజ్ ఎక్కి వెళ్ళిపోయాడని. బహన్‌జీ రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది. ఓడ బదులు రుమాలు ఒకటి కుట్టి తెమ్మంది.

కానీ నేను మరీ అంత తెలివితక్కువదాన్నేం కాదు. వారం తిరగ్గానే నాకొక ఆలోచన వచ్చింది. వినాయకుడు మట్టి. మట్టి కరుగుతుంది. బరువు పోయాక చెక్క పైకి తేలాలి కదా! నాన్న బిగించిన ఇనుప పట్టీకే మునిగేదైతే మా తొట్టిలోనే మునిగేది. బడి వదలగానే నిమజ్జనం చేసే తలాబుకి, అదే చెరువుకి, పరిగెత్తాను. గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. పూలదండలు, గడ్డి కట్టలు, కుండపెంకులు తేలుతున్నాయి. ఓడ లేదు. మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ.

నాలుగో రోజు మావయ్య ఉర్లా నుంచి సైకిలు మీద వస్తూ నన్ను గట్టు మీద చూశాడు. ఏం చేస్తున్నావన్నాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. సైకిలు స్టాండు వేసి వచ్చి నా పక్కన నిలబడి, నా చెయ్యి పట్టుకుని, తనూ నీళ్ళల్లోకి చూశాడు. "తేలితే తేలుద్దే. సూద్దాం," అన్నాడు. ఆ తర్వాత రెండు మూడు సాయంత్రాలు తనంతట తనే వచ్చాడు. వేడి పల్లీల పొట్లం తెచ్చేవాడు. ఇద్దరం తింటూ చూసేవాళ్ళం. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

దీపావళి అయింది. ప్రదర్శన రోజు మా బడి పిల్లలం వరసగా ఆ పెద్ద హాల్లోకి వెళ్ళాం. నా చేతిలో రుమాలు. గులాబీ పువ్వు ఒకటి, ఆకులు రెండు. మా బల్ల దగ్గరికి వెళ్తూ, ఇంగ్లీషు మీడియం బడి వాళ్ళ బల్ల ముందు జనం మూగి ఉంటే తొంగి చూశాను.

తెల్లగుడ్డ మీద నా ఓడ.

టార్చి సెల్లు పొగగొట్టం. అమ్మ జాకెట్టు గుండీలు. జడపిన్ను లంగరు. మా వరండాలో పడ్డ చారలు. పక్కన మొదటి బహుమతి రిబ్బను, టై కట్టుకున్న కుర్రాడు. చీటీ మీద వాడి పేరు.

"యే మేరా హై!" అని, ఇది నాదని అరిచాను. అందరూ తిరిగి చూశారు. ఆ కుర్రాడు బిత్తరపోయాడు. నా వెనకనున్న మా క్లాసు పిల్లలు నా జడ లాగి, "నీది గణేశ్‌జీతో మునిగిపోయింది కదా? నువ్వే కదా చెప్పావు?" అన్నారు. ఒకత్తె కిసుక్కున నవ్వింది. నిజమే, నేనే చెప్పాను. ఊరంతా చెప్పాను. బహన్‌జీ పరిగెత్తుకొచ్చి నా రెక్క పట్టుకుని, "ఉర్లాలో ఫలానా ఫ్యాక్టరీ మేనేజర్ సాహబ్ అబ్బాయి, తమీజ్ సే!" అని, మర్యాదగా ఉండమని గద్దించింది. ఆ ఫలానా ఫ్యాక్టరీ మా మావయ్య పని చేసేదే.

అప్పటికీ నాకు ఒక ఆశ మిగిలి ఉంది. ఆవిడ చెయ్యి విదిలించుకుని, ఆ కుర్రాడు "ఛూనా మత్!" అని ముట్టుకోవద్దంటున్నా వినకుండా, వెనక ఫిరంగి గూడు పట్టి పైకి లాగాను. ఊడి వచ్చింది. దాని కింద పేర్లు లేవు. బూడిద రంగు పూసి ఉంది. మిగతా ఓడ మీదున్న బూడిద రంగు కంటే ఆ ముక్క కొంచెం కొత్తగా, మెరుస్తూ.

ఆ హాల్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆ గూడు ఊడుతుందని తెలిసినవాళ్ళు అసలే లేరు. పేర్లు అలాగే ఉన్నా ఏదో గీతలనుకుని ఊరుకునేవాళ్ళు. దాన్ని చదివి, అర్థం చేసుకుని, కుంచె తీసి పూసినవాడు ప్రపంచంలో ఒక్కడే. తన పేరు మీద కూడా పూసుకున్నాడు. నమ్మించి నట్టేట ముంచాడంటారే, నా ఓడని ఆ మహానుభావుడు ముంచనైనా ముంచలేదు.

ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. అరుస్తూ మొదలుపెట్టాను. సగం మాటలకే అమ్మ పిండి చేత్తో నా నోరు మూసేసింది.

"నోరు ముయ్యి. ఆడొచ్చే ఏళయింది."

అప్పుడు అర్థమైంది. అమ్మకి తెలుసు. నాన్నకీ తెలుసు. నా ఒళ్ళు వెచ్చగా లేదని కూడా అమ్మకి తెలుసు.

"మేనేజరుగారి బాబు ప్రదర్శనకి ఏదో ఒకటి కావాలని ఎదుకుతన్నారని గేటు కాడ ఇన్నాడే. ఏటి సెయ్యమంటావు? ఓడ మళ్ళీ సేసుకోవొచ్చు. ఉద్దోగం మళ్ళీ దొరుకుద్దేటి?" అంది. "నీకు తెలిసినట్టు ఆడికి తెలకూడదు. తెలిస్తే సిగ్గుతో ఊరొదిలీసి పోతాడు. నా మీద ఒట్టు."

తల మీద నా చెయ్యి పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. నా మొహమంతా పిండి. మావయ్య సైకిలు బెల్లు వినపడింది. అమ్మ కొంగుతో నా మొహం తుడిచేసి నన్ను పీట మీద కూర్చోబెట్టింది.

తరవాత బతుకంతా ఆ ఉద్యోగం మీదే నడిచింది, అబద్ధమెందుకు! నాన్న నడుం దెబ్బ తిని మంచాన పడ్డప్పుడు మా ఇంటి బియ్యం మావయ్యే పోశాడు. నా కాలేజీ ఫీజులు, నా సైకిలు, నా పెళ్ళిచీర, అన్నీ ఆయన కొన్నవే. ఎవరైనా ఆయన్ని ఒక మాట అంటే నేనే కొట్లాటకి వెళ్ళేదాన్ని. అయినా ఆయన కొనిచ్చిన ఏ వస్తువూ నేను సంతోషంగా పుచ్చుకోలేదు. ఆయనకి తెలీదు. తెలీకుండా దాచడం నాకు ఆయనే నేర్పాడు.

ఆయన మాత్రం ఆ కథ వదల్లేదు. నిజం చెప్పాలంటే నాకు కడుపు మండేది దాని మీదే. ప్రతి చవితికీ పూజయ్యాక పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, వినాయకుడు ఓడెక్కిన కథ చెప్పేవాడు. ఏటేటా పెంచేవాడు. ఒక ఏడు సామి చెయ్యి ఊపాడు, ఒక ఏడు ఎలక ముందు ఫిరంగి దగ్గర నిలబడింది. మా అమ్మాయి ఆ కథ వింటూ పెరిగింది. ప్రతిసారీ చివర్లో నా వైపు తిరిగి, "కాదేటే?" అనేవాడు. నేను అమ్మ వైపు చూసి, "అవును మావయ్యా," అనేదాన్ని. అమ్మ పోయి పదేళ్ళు. అయినా అంటూనే ఉన్నాను.

మొన్న కూడా వచ్చాడు. డెబ్బై దగ్గర పడ్డాయి, చేతికి వణుకు. మనవరాలి ఓడ చూడగానే కళ్ళు వెలిగాయి. పక్కన కూలబడి, చారలు ఎలా వెయ్యాలో చూపించి, కథ అందుకున్నాడు. సామి ఎక్కాడు, తిరిగి చూశాడు, తాడు ఊడింది, ఇద్దరూ మునిగిపోయారు.

మనవరాలు కుంచె పట్టుకుని ఆలోచించింది. "కానీ తాతా, గణేశ్‌జీ మట్టి కదా? కరిగిపోతాడు కదా? అప్పుడు ఓడ మళ్ళీ పైకి రావాలి కదా?"

గరిటె పట్టుకున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మావయ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అదేనమ్మా! మీ అమ్మమ్మా నేనూ గట్టు మీద నిలబడి ఎన్ని రోజులు సూసినామో! పల్లీలు తింటా, సెయ్యీ సెయ్యీ అట్టుకుని. కాదేటే?" అని నా వైపు తిరిగి నవ్వాడు.

ఆ మాటొక్కటి అనకపోతే ఈ ఏడు కూడా ఊరుకునేదాన్నే. ఓడ పోయింది, పేరు పోయింది, సరే. ఆ గట్టు మీద సాయంత్రాలు కూడా కథలో కలిపేసుకున్నాడు.

"తాడు ఎక్కడ తడిపావు మావయ్యా?" అన్నాను. "మన వీధి కొళాయి కిందేనా?"

నవ్వు ఆయన మొహం మీద అలాగే నిలబడిపోయింది.

"ఆ ప్రదర్శనలో వెనక గూడు నేను ఊడదీసి చూశాను. పేర్ల మీద నువ్వు పూసిన రంగు కూడా చూశాను." మనవరాలి వైపు తిరిగి, "ఓడ మునగలేదమ్మా," అన్నాను. "తాత దాన్ని ఒకళ్ళకి ఇచ్చేశాడు."

ఉండ్రాళ్ళు అడుగంటిన వాసన వచ్చింది. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళింది. మావయ్య రెండు చేతులూ నేలకి ఆనించి నెమ్మదిగా లేచాడు.

"అప్పటినుంచీ తెలుసా నీకు?"

"అప్పటినుంచీ."

"తెలిసీ ఇన్ని సవితిలు నన్ను ఎర్రోడిలాగ సెప్పనిచ్చినావేటే?" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. మోసపోయింది తనే అన్నట్టు చూశాడు నన్ను. ఒళ్ళు మండిపోయింది నాకు.

గేటు దాకా వెళ్ళి ఆగాడు. తిరగకుండానే అన్నాడు. "ఒట్టేసి సెప్తన్నానే. ఆ ఓడ ఇచ్చీసి వొచ్చిన పూట, మెతుకు ముట్టలేదు నాను. గొంతు దిగలేదు."

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆ పూట పులిహోర. ఇంగువ ఘాటు, వేయించిన పల్లీలు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. వడ్డించింది నేనే.